అయ్యోరి మొక్కు

పోయిన ఆదివారం చర్చి నుంచి వచ్చి, వరండాలో కుర్చీ వేసుకుని మోకాళ్ళకు తైలం రాసుకుంటూ ఉండగా మా కూతురి కొడుకు మోటారు సైకిలు దిగాడు. వీపున పొడవాటి సంచి, ఎండకు కమిలిపోయిన ముఖం, చొక్కా నిండా ఉప్పు మరకలు. సంచిలో ఏముందిరా అంటే గాలమన్నాడు. నేను ఎరిగిన గాలం అలా సంచుల్లో ఒదిగేది కాదు గనుక నమ్మలేదు. వాడు విప్పి చూపించాడు. ఒకదానిలో ఒకటి దూరే నల్లటి కర్రముక్కలు, కుట్టుమిషను చక్రంలా గిర్రున తిరిగే దారపుచుట్ట, వాసనే లేని ప్లాస్టిక్ ఎర. తెల్లవారకముందే స్నేహితులతో కలిసి ముత్తుకూరు దాటి వెళ్ళి, ఉప్పుటేరులో పడవ మాట్లాడుకుని పొద్దెక్కేదాకా చేపలు పట్టారట. ఫోనులో ఫొటో కూడా చూపించాడు. వాడి రెండు చేతుల్లోనూ పట్టనంత పండుగప్ప, నోరు తెరుచుకుని నన్నే చూస్తున్నట్టుగా ఉంది.

నాకు వెంటనే మామిడికాయ వేసిన పులుసు గుర్తొచ్చి, ఆ చేప ఏదిరా, వంటింట్లో పెట్టావా అని అడిగాను. వాడు నవ్వి, వదిలేశాను అమ్మమ్మా, ఊరికే సరదాకి పట్టింది గదా అన్నాడు. నాకు నవ్వు మొదలైంది, నవ్వీ నవ్వీ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకోవలసి వచ్చింది. ముసలామెకు ఏమైందోనని వాడు మంచినీళ్ళు తెచ్చాడు. నీళ్ళు ఇస్తూ ఆ పడవవాడు అన్న మాట ఇంకొకటి చెప్పాడు. ఆ మాట మీకు చివర చెబుతాను. ముందే చెబితే అందులో మీకు ఏమీ కనిపించదు.

ఊరికే అనే మాట వల్ల మా ఇంట్లో ఒకప్పుడు ఎంత రభస జరిగిందో నా ఈడువాళ్ళకు చెబితేనే అర్థమవుతుంది. చేప అంటే కూర, కూర అంటే ఆ పూట గడవడం, అంతకుమించి చేపకు ఇంకో అర్థం లేని రోజులు చూసినవాళ్ళం మనమే గదా మిగిలాం.

మా నాన్న పల్లెబడి పంతులు. మా వైపు పంతుళ్ళను అయ్యోరు అనేవారు, ఆ అయ్యోరి పెళ్ళాం అయ్యోరమ్మ. నాన్నది గూడూరు పక్కన ఒక మెట్టపల్లె, అమ్మవాళ్ళది ఆ దగ్గరలోనే నిమ్మతోట ఉన్న ఇల్లు. యాభైల చివర్లో, నేను పలక పట్టిన కొత్తలో, నాన్నను సముద్రం ఒడ్డున ఉన్న ఒక పాళేనికి వేశారు. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క శ్రీహరికోట అడవి నుంచి మద్రాసుకు కట్టెల పడవలు పోయే ఉప్పు కాలువ, రెంటికీ నడుమ ఇసుకలో తాటాకు గుడిసెలు. పెంకులు కప్పిన కట్టడం బడి ఒక్కటే, దాని వెనక గదిలో మా కాపురం. మా ఇంట్లో ఒక కుర్చీ, ఒక గోడగడియారం, ఒక లాంతరు ఉండేవి. ఆ మూడింటినీ చూడడానికి పాళెంలోని ఆడవాళ్ళు ఏదో ఒక పని కల్పించుకుని వచ్చేవారు. వాళ్ళ ఇళ్ళలో కిరసనాయిలు బుడ్డి కూడా వంట అయ్యేదాకానే వెలిగేది. మగవాళ్ళు తెప్పలమీద వేటకు పోయేవారు, ఆడవాళ్ళు ఆ చేపల గంపలు నెత్తిన పెట్టుకుని మెట్ట ఊళ్ళకు నడిచిపోయి, చేపలిచ్చి గింజలు తెచ్చుకునేవారు. తెచ్చిన గింజలే ఆ పూట గంజి, లేదా సంగటి. వరి అన్నం పండగనాటి మాట. తెప్పలు ఒడ్డుకు వచ్చే వేళకు బడి దానంతట అదే ఖాళీ అయ్యేది, నాన్న నల్లబల్ల ముందు సుద్దముక్కతో ఒంటరిగా నిలబడి ఉండేవారు.

అలా మిగిలిన సాయంకాలాల్లో ఆయనకు అలవాటైంది గాలం. చిన్నప్పుడు మెట్టపల్లె చెరువులో నేర్చుకున్న విద్య. సన్నటి వెదురు కర్ర, నూలుదారం, జీలుగు బెండు, చివర ఒక కొక్కెం. కాలువ గట్టు కింద తడినేలలో ఎరకోసం ఎర్రలు తవ్వి కొబ్బరిచిప్పలో వేసి ఇవ్వడం నా పని. ఆ పని నేను తప్ప ఎవరూ సరిగా చేయలేరని ఆయన అంటే నమ్మి, గోళ్ళ నిండా మట్టితోనే అన్నానికి కూర్చుని అమ్మ చేత చీవాట్లు తినేదాన్ని. నాన్న బెండు మీద చూపు పెట్టి కూర్చుంటే ఇక లోకం అక్కర్లేదు. పగలంతా గొంతు చించుకున్న మనిషికి అక్కడ ఎవరితోనూ మాట్లాడవలసిన పని లేకపోవడమే సుఖమేమో. జెల్ల పడేది, మడవ పడేది, ఎప్పుడైనా పండుగప్ప పిల్ల పడేది. ఒకటో రెండో పులుసుకు ఉంచి మిగతావి కొక్కెం నుంచి నెమ్మదిగా విడిపించి, తడిచేత్తో పట్టుకుని నీళ్ళలోకి జార్చేవారు. అవి తోక ఆడించి మాయమైతే ఆయన ముఖం నేను చేతిరాత బాగా రాసినప్పుడు వెలిగినట్టు వెలిగేది.

అయితే పాళెం చూపు వేరు. సముద్రంలో తెప్పమీద పొడుగు తాడుకు గాలాలు కట్టి వేసేది వేట, అది మగతనం. గట్టుమీద కూర్చుని కర్ర పట్టుకోవడం మాత్రం వాళ్ళ దృష్టిలో ఇంట్లో పొయ్యి వెలగడం లేదని ఊరందరికీ చాటింపు వేసుకోవడం. వల లాగే సత్తువ ఉడిగిపోయినవాడు, తెప్పలో పాలూ వాటా లేనివాడు, దిక్కులేనివాడు, వాడే గట్టున కర్ర పట్టేది. కాళ్ళూ చేతులూ ఉన్న మగవాడు ఎంత ఆకలైనా ఆ పని చేయడు. ఈ సంగతి మాకేం తెలుసు? అయ్యోరు బక్కపలచని మనిషి, మోచేతుల దగ్గర మాసికలు వేసిన చొక్కా, జీతం ఎప్పుడొస్తుందో పోస్టుమేనుకే తెలియని రోజులు. అలాంటి మనిషి రోజూ సాయంత్రం కర్ర పట్టుకుని కాలువ గట్టుకు పోతుంటే వాళ్ళు ఏమనుకోవాలి? అదే అనుకున్నారు.

పొద్దున్నే లేచేసరికి మా అరుగుమీద తాటాకు బుట్టలో చేపలు ఉండడం మొదలైంది. ఒకనాడు కానాగంతలు, ఒకనాడు రొయ్యలు, ఏమీ దొరకని నాడు గుప్పెడు ఎండుచేపలైనా సరే. ఎవరు పెట్టారో తెలియదు, అడిగితే చెప్పరు. అమ్మ పొంగిపోయింది. ఇక్కడివాళ్ళకు చదువు చెప్పే మనిషంటే ఎంత గౌరవమో చూశారా, మీ సొంతూళ్ళో ఒక్కరైనా ఒక బెండకాయ ఇచ్చారా అని నాన్నను దెప్పింది. గూడూరు వెళ్ళినప్పుడు వాళ్ళ అక్కాచెల్లెళ్ళ ముందు కూడా ఆ గొప్ప చెప్పుకుంది. చాలాకాలం ఆ సంతోషంలోనే ఉంది పాపం.

పాళెంలో తగవులు తీర్చే పెద్దమనిషిని పెద్దకాపు అంటారు. ఆయన తల్లిని అందరం అవ్వ అనేవాళ్ళం. చెవులకు బరువైన కమ్మలు వేలాడుతూ, నోట్లో ఆకూవక్కా నలుగుతూ ఉండే ఆ అవ్వ ఒకనాడు మా అరుగుమీద కూర్చుని, అమ్మ తల నిమిరి, ఓదార్చే గొంతుతో అంది: "దిగులుపడబాకమ్మా. అయ్యోరికి జీతం వచ్చిందాకా మేము చూసుకోమా? ఇంటికొక పూట అని వంతులేసుకోనుండాము. ఆయన్ని ఆ కర్ర మాత్రం పట్టనీబాక, చూడలేకపోతా ఉండాము."

అమ్మకు చచ్చినంత పనైంది. ఇన్నాళ్ళు గౌరవం అనుకుని వండుకు తిన్నదంతా జాలి అని తెలిసేసరికి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నిమ్మతోట ఉన్న ఇంట్లో పుట్టిన మనిషి, ఒకరి ముందు చేయి చాచి ఎరగదు. మర్నాడు పొద్దున వచ్చిన బుట్టను వచ్చింది వచ్చినట్టే అవ్వ ఇంటికి తిప్పి పంపింది. అవ్వకు కోపం వచ్చి చాలారోజులు మా గుమ్మం తొక్కలేదు. నాన్న తన వంతుగా పెద్దకాపు దగ్గరకు పోయి, మాకేమీ ఇబ్బంది లేదు, నేను ఆకలికి కాదు, ఊరికే పడుతున్నాను అని విప్పి చెప్పి వచ్చారు. వచ్చిన చిక్కల్లా ఆ మాటతోనే వచ్చింది. మనకు ఊరికే అంటే పని లేక, తోచక. పాళెంలో ఊరక అంటే డబ్బు పెట్టకుండా దొరికింది అని. ఊరకనే పడతా ఉండాడంట, కొనే దారి లేకనే గదా పాపం అని వాళ్ళ జాలి రెట్టింపైంది.

పైగా ఆయన పట్టిన చేపను మళ్ళీ నీళ్ళలో వదిలేయడం ఎవరో చూశారు. ఆకలి ముదిరి అయ్యోరికి మతి చెదిరిందని కొందరన్నారు. మేము శుక్రవారం శుక్రవారం ఉపవాస ప్రార్థన చేసుకుంటామని తెలిసిన అవ్వ మాత్రం బాగా ఆలోచించి, అది వాళ్ళ దేవుడికి మొక్కు అయి ఉంటుందని తేల్చింది. కడుపు మాడ్చుకోవడం ఎలాంటి మొక్కో, చేపను వదలడం కూడా అలాంటిదే. ఆ మాటే పాళెమంతా నిలబడిపోయింది. మా మతంలో అలా దేవుడికి మొక్కడాలు, చెల్లించడాలు ఉండవని నాన్న బడిపిల్లల చేత కూడా చెప్పించి చూశారు. ఎవరూ వినలేదు. పిల్లలు మాత్రం ఆయన చేపను వదిలినప్పుడల్లా గట్టుమీద గంతులు వేస్తూ, అయ్యోరి మొక్కు, అయ్యోరి మొక్కు అని అరిచేవారు.

ఈ నవ్వులాటలేవీ అమ్మ దగ్గర చెల్లలేదు. కర్ర కావాలో, నా పరువు కావాలో తేల్చుకోమంది. నాన్న గాలాన్ని చుట్టి, ఇంటి కప్పు వాసంలో దోపి, కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చారు. అంత తేలిగ్గా ఒప్పుకుంటారని అమ్మ కూడా అనుకోలేదు. ఆ తరువాత కూడా సాయంత్రం ఆయన కాలువ గట్టుకే పోయేవారు, వట్టి చేతులతో కూర్చుని నీళ్ళను చూసి వచ్చేవారు. బుట్టలు రావడం తగ్గింది, అమ్మ పరువు నిలిచింది. కానీ ఇంట్లో ఏదో వెలితి వచ్చి కూర్చుంది. నాన్న నన్ను లెక్కలు తప్పు చేసినా తిట్టడం మానేశారు, ఆ సంగతి నాకు తిట్టడం కంటే కష్టంగా ఉండేది. నేను కొబ్బరిచిప్పను కడిగి, ఎందుకైనా మంచిదని బడి వెనక దాచి ఉంచాను.

మరుసటి ఏడాది కార్తీకంలో వాయుగుండం వచ్చింది. మా వైపు ఏటా వచ్చేదే గానీ ఆ ఏడు వచ్చింది మాత్రం మనిషిని నిలవనివ్వలేదు. పాళెమంతా బడిలోకి చేరింది. గాలి తగ్గి బయటికి వచ్చి చూస్తే గుడిసెలకు తాటాకులు లేవు, తెప్పలు కొన్ని కొట్టుకుపోయి కొన్ని విరిగిపోయి ఉన్నాయి, వలలు ఇసుకలో కూరుకుపోయి పీలికలయ్యాయి. ప్రాణాలు పోలేదు, అదే పదివేలు అని అందరం మోకరించాం, ఎవరి దేవుడికి వాళ్ళం. కానీ సముద్రం చల్లబడలేదు. మెట్ట ఊళ్ళకు పోయే బాట నీళ్ళలో మునిగింది, గంపెత్తుకుని పోదామన్నా దారి లేదు. కాలువలో నీళ్ళు పొంగి, ఉప్పుటేరు మీదుగా పెద్ద చేపలు లోపలికి ఎక్కాయి. అయితే కాలువ నిండా కూలిన సరుగుడు చెట్లు, తుమ్మకంపలు. ఎవరి దగ్గరో మిగిలిన విసురువలను ఒకసారి వేస్తే కంపకు చిక్కి చిరిగి సగం ముక్క బయటికి వచ్చింది. ఇక వల వేసే దారి లేదు. ఆ నీళ్ళలో పనికొచ్చేది గాలం ఒక్కటే. ఆ సంగతి పాళెంలో ప్రతి మగవాడికీ తెలుసు. అయినా ఒక్కడూ కర్ర పట్టలేదు. సాటివాళ్ళు చూస్తుండగా గట్టున ముందుగా కూర్చునేది ఎవడు?

అమ్మ దగ్గర పుట్టింటివారు పంపిన బియ్యం కొంచెం ఉన్నాయి. బడిలో పిల్లలందరికీ గంజి కాచి పోసింది. పిల్లలు తాగారు. పెద్దవాళ్ళను పిలిస్తే, బిడ్డలు తాగినారు చాలమ్మా, మేము తిన్నాములే అని పక్కకు తప్పుకున్నారు. ఏం తిన్నారో ఎవరూ చెప్పలేదు. పెద్దకాపు ఇంట్లో పొయ్యి వెలగలేదని, అవ్వ వట్టి ఆకూవక్కా నములుతూ పడుకుని ఉందని తెలిసి అమ్మ నా చేత బుట్టలో బియ్యం పంపింది. ఆ బుట్ట నిండుగానే తిరిగి వచ్చింది. పెద్దకాపు దానిమీద తుండుగుడ్డ కప్పి స్వయంగా తెచ్చి అరుగుమీద పెట్టి, "మేమింకా అంతదూరం రాలేదమ్మా, ఏమనుకోబాకండి" అని చెప్పి తల వంచుకుని పోయాడు.

అమ్మ ఆ బుట్టను చూస్తూ చాలాసేపు కూర్చుంది. ఒకప్పుడు తాను తిప్పి పంపింది కూడా అలాంటి బుట్టనే. ఆ రోజు తన కడుపులో ఏది రగిలిందో ఇప్పుడు పెద్దకాపు కడుపులో అదే రగులుతోందని ఆమెకు చెప్పేవాళ్ళు అక్కర్లేదు. లేచి ముక్కాలిపీట ఎక్కి, వాసంలో దోపిన కర్రను దించి, కొంగుతో దుమ్ము తుడిచి నాన్న చేతిలో పెట్టింది. "పోయి కూర్చోండి. ఎప్పటిలాగే ఊరికే కూర్చోండి. మీరు కూర్చుంటే ఆ పక్కన ఇంకొకరు కూర్చోగలుగుతారు" అంది. నాన్న కర్రవంక చూశారు, అమ్మవంక చూశారు. నేను అప్పటికే కొబ్బరిచిప్ప కోసం బడి వెనక్కు పరిగెత్తాను.

ఆ సాయంత్రం నాన్న గట్టున కూర్చుని, గాలం వేయకుండా దారాన్నంతా కావాలని చిక్కు చేసుకున్నారు. నేను చిక్కు తీయబోతే చేతిమీద ఒక్కటి వేసి, పెద్దకాపును పిలుచుకు రమ్మన్నారు. అయ్యోరు పిలిస్తే రాకపోవడం మర్యాద కాదు గనుక ఆయన వచ్చాడు. దారం ముడులు చూసి, ఏంది అయ్యోరా ఇది, బడిపిల్లకాయల ముడులు అని నవ్వి, కూర్చుని చిక్కు తీసి, కొక్కెం ఊడకుండా తన ముడి తాను వేసి ఇచ్చాడు. నాన్న ఎర గుచ్చి, గాలం వేసి, బెండు నిలబడగానే, "ప్రార్థనకు వేళయింది, నేను వచ్చిందాకా ఈ కర్ర కాస్త పట్టుకోండి, ఊరికే" అని ఆయన చేతిలో పెట్టి లేచి వచ్చేశారు. ఆ రోజు నాన్న చేసిన ప్రార్థన అంత పొడుగైన ప్రార్థన పాస్టరుగారు కూడా చేసి ఉండరు. మాటిమాటికీ కిటికీలోంచి గట్టువైపు చూడడం, మళ్ళీ కళ్ళు మూసుకోవడం. పెద్దకాపు కర్ర వదల్లేక, ఎవరైనా చూస్తారేమోనని అటూ ఇటూ చూసుకుంటూ అలాగే కూర్చున్నాడు. అడిగినవాళ్ళకు, అయ్యోరి కర్ర, వచ్చిందాకా పట్టుకోమన్నాడు అని చెప్పినట్టున్నాడు.

వెలుతురు పోకముందే ఆయన మా గడపలోకి వచ్చాడు. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో మోకాలిదాకా వేలాడుతున్న పండుగప్ప. ముఖంలో వేటగాడి సంతోషం ఒక పక్క, దాన్ని అణచుకునే బిగువు ఒక పక్క. "మీ గాలానికి పడింది అయ్యోరా, మీ చేప. తీసుకోండి" అన్నాడు. ఆయన ఇంట్లో పొయ్యి చల్లగా ఉంది, చేతిలో ఆ పూటకీ మరుసటి పూటకీ సరిపడే చేప ఉంది, దాన్ని మాకిచ్చి పోవడానికి సిద్ధంగా నిలబడ్డాడు. ఇస్తే పుచ్చుకోడు, ఉంచుకోమంటే ఉంచుకోడు.

నాన్న గొంతు సవరించుకుని అన్నారు: "నా గాలానికి పడిన చేప మా ఇంట్లోకి రాకూడదు పెద్దకాపూ. మొక్కు. మీకు తెలుసు గదా."

తలుపు వెనక అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అబద్ధమాడితే అరచేతిమీద బెత్తంతో కొట్టే మనిషి, మొక్కులు లేవు, లేవు అని పాళెమంతా తిరిగి చెప్పిన మనిషి, కళ్ళు ఆర్పకుండా నిలబడి ఆ మాట అన్నారు. పెద్దకాపు ఆయన ముఖంలోకి చాలాసేపు చూశాడు. ఆయన వెర్రివాడు కాదు. ఈ దరిలో ఏ అల ఎక్కడ విరుగుతుందో తెలిసినవాడికి మనిషి మాటలో లోతు తెలియదా? చివరకు కర్రను గోడకు జాగ్రత్తగా ఆనించి, "మొక్కయితే సరే అయ్యోరా. మొక్కును కాదనకూడదు గదా" అని చేపను తీసుకుని పోయాడు. కాసేపటికి ఆ ఇంటి మీదుగా పొగ లేవడం అమ్మా నేనూ వాకిట్లో నిలబడి చూశాం. అమ్మ ఏడుస్తోంది. నాన్న మాత్రం అబద్ధమాడినందుకు నిజంగానే ప్రార్థన చేసుకోవడానికి లోపలికి పోయారు.

కాసేపటికే మూకుడు ఒకటి తుండుగుడ్డమీద పెట్టుకుని అవ్వ వచ్చింది. బుట్ట తిప్పి పంపిన నాటి నుంచీ మా గుమ్మంలోకి రాని అవ్వ, కాళ్ళు తడబడుతూ నడిచి వచ్చింది. మూకుట్లో పులుసు పొగలు కక్కుతోంది. మొక్కు అన్న మాట గుర్తొచ్చి అమ్మ వెనకాడితే అవ్వ కళ్ళు చికిలించి, "మొక్కు చేప మీ ఇంట్లోకి రాకూడదు గానీ, పులుసు రాకూడదని యాడుంది?" అంది. అమ్మా అవ్వా ఒకరినొకరు పట్టుకుని నవ్వారు, ఏది నవ్వో ఏది ఏడుపో నాకు తెలియలేదు. ఉప్పు తక్కువైన ఆ పులుసు రుచి ఈ వయసులో కూడా నా నాలుకమీద ఉంది.

మర్నాడు పెద్దకాపు తన సొంత కర్రతో వచ్చి నాన్న పక్కన కూర్చున్నాడు. ఎవరో పలకరిస్తే, అయ్యోరికి తోడుగా, ఊరకనే అన్నాడు. పెద్దకాపే కూర్చున్నాక ఇంకెవరికి సిగ్గు? ఎండెక్కేసరికి గట్టు పొడుగునా సరుగుడు కొమ్మలు పట్టుకుని మగవాళ్ళు బారులు తీరారు. అందరూ అయ్యోరికి తోడే, అందరూ ఊరకనే. ఒక్కరి నోటా ఆకలి అన్న మాట రాలేదు. పాళెంలో ఊరక అన్న మాటకు అర్థం మారింది ఆనాడే అనుకుంటాను. నాకు ఎర్రలు తవ్వలేక చేతులు పడిపోయాయి. ఇళ్ళమీద పొగలు లేచాయి. సముద్రం చల్లబడే వరకూ, కొత్త తెప్పలు కట్టుకునే వరకూ అలాగే గడిచింది. ఒక్కటి మాత్రం ఎవరు మొదలుపెట్టారో తెలియదు. పొద్దున పడిన మొదటి చేపను, ఎంత పెద్దదైనా, కొక్కెం తీసి నీళ్ళలో వదిలి, అయ్యోరి మొక్కు అనేవారు. నాన్న అబద్ధాన్ని అలా అందరూ కలిసి నిజం చేశారు. రెండోదాన్ని మాత్రం నిస్సంకోచంగా ఇంటికి తీసుకుపోయేవారు.

కొన్నేళ్ళకు, అరవైల మధ్యలో, నాన్నకు వేరే ఊరికి బదిలీ అయింది. పాళెమంతా కాలువ దాకా వచ్చి సాగనంపింది. అవ్వ అమ్మ ఒళ్ళో తాటాకు బుట్ట పెట్టింది, ఈసారి అమ్మ దాన్ని గుండెకు హత్తుకుంది. ఆ తరువాత ఎవరి బతుకుల్లో వాళ్ళం పడ్డాం. నాన్న పోయారు, అమ్మ పోయింది, అవ్వా పెద్దకాపూ ఎప్పుడు పోయారో కబురు కూడా అందలేదు.

మొన్నామధ్య అటువైపు కారులో వెళ్ళాను. మెట్ట ఊళ్ళకు అవ్వలు గంపలతో నడిచిన బాట తారురోడ్డయింది. దూరంగా కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు, ఓడరేవు దీపాలు, కాలువకు ఆవల రొయ్యల గుంటలు. పాళెంలో తాటాకు ఇల్లు ఒక్కటి కనబడలేదు. మేడలు, మేడలమీద టీవీ గొడుగులు, గుమ్మాల ముందు చెప్పుల వరసలు. చెప్పులను చూసి నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను, మా బడిలో చెప్పులు వేసుకున్న పిల్ల ఒక్కతీ ఉండేది కాదు. కట్టెల పడవలు ఎప్పుడో ఆగిపోయాయి, కాలువ పూడి తూటికాడ అల్లుకుంది. ఆ గట్టు ఏదో పోల్చుకోలేక వచ్చేశాను.

ఇప్పుడు మా మనవడు చెప్పిన మాట చెబుతాను. వాడు ఆ పండుగప్పను నీళ్ళలో వదలగానే, ఇంజను పడవ నడిపే కుర్రవాడు సంతోషించి, మంచిపని చేసినావన్నా, మొదటి చేప అయ్యోరి మొక్కు గదా అన్నాడట. అయ్యోరంటే ఎవరని వీడు అడిగితే, తెలియదన్నా, మా తాతల కాలంలో కాలవ గట్టున ఉన్న దేవుడంట అని చెప్పి, నీళ్ళకు ఒక దండం కూడా పెట్టాడట. మా నాన్న వింటే హడలిపోయి మూడు పూటలు ఉపవాసం ఉండేవారు.

ఆ కుర్రవాడికి ఆ మాటలోని ఆకలి తెలియదు. తెలియకపోవడమే మంచిది, దేవుడికి స్తోత్రం. వాడి ఇంట్లో పొయ్యి వెలిగిందా అని ఎవరూ పొగ కోసం చూడనక్కర్లేదు, వాడు ఊరికే అంటే నిజంగా ఊరికే. పాళెం మొత్తానికి ఆ మాట అనగలిగిన మనిషి ఒకప్పుడు ఒక్కడే ఉండేవాడు, ఆయనకూ అది అంతంతమాత్రమే. ఆ మాటనే మా నాన్న అందరికీ కప్పుకోవడానికి దుప్పటిలా ఇచ్చారు. ఇప్పుడు ఎవరికీ ఆ దుప్పటి అక్కర్లేదు. బతుకులు బాగుపడినందుకు సంతోషించవలసిన చోట, ఒకరి పొయ్యికోసం ఒకరు అబద్ధమాడిన ఆ సాయంత్రం మీద నాకు ఇంత బెంగ ఎందుకో తెలియడం లేదు.

మా మనవడు గాలం సంచి కట్టుకుంటూ, నువ్వు ఆ వైపు పెరిగావు గదా అమ్మమ్మా, ఆ దేవుడెవరో నీకు తెలుసా అని అడిగాడు.

"తెలియకేంరా. చిన్నప్పుడు ఆయనకు ఎర్రలు తవ్వి ఇచ్చింది నేనే" అన్నాను.